మేస్టారు రాసిన జబ్బు

నీలయ్యవలస,
1968 జనవరి 20

మా పెద్దక్క జ్ఞానసుందరికి తమ్ముడు సుందరరావు వందనాలు.

ఇక్కడ మేమంతా కులాసా. నీ మరదలు లీలారాణికి దగ్గు తగ్గింది గానీ, క్రిస్మసుకి నువ్వు రాలేదన్న అలక ఇంకా తగ్గలేదు. రోగులు పండగలు చూసుకుని జబ్బు పడరు, నర్సమ్మకి సెలవెలా దొరుకుతుంది అని చెప్పి చూశాను. వినలేదు. ఈస్టరుకైనా నువ్వే వచ్చి సర్దిచెప్పుకో.

ఒక చిన్న పని పడి రాస్తున్నాను. మా హైస్కూల్లో గంగులు అని ఏడో తరగతి పిల్లాడు ఉన్నాడు, నా ఎన్.సి.సి. జట్టులోవాడే. పొందూరు నుంచి నడిచి వస్తాడు. తండ్రి సూరయ్య మగ్గం నేస్తాడు, తల్లి లక్ష్మణమ్మ నూలు వడుకుతుంది. ఈ పిల్లాడికి ఎడమ చెవి కారుతోంది. పాత జబ్బేలే, కంగారేమీ లేదు. మీ ఆసుపత్రిలో చెవికారుకి వేసే నురగ మందు ఒక బుడ్డి పంపగలవా? తల్లి రోజూ అడుగుతోంది.

ఎన్.సి.సి. పిల్లలకి తుపాకి నేర్పేటప్పుడు చెవుల్లో పెట్టడానికి నువ్వు చెప్పిన మైనం దూది చాలా బాగుంది. డిసెంబరులో పెద్ద ఆఫీసరు వచ్చి చూసి మెచ్చుకుని వెళ్ళాడు. మా హెడ్మాస్టరు నరసింగరావుగారు కూడా సంతోషించారు. మిగతా సంగతులు తీరిగ్గా రాస్తాను.

నీ తమ్ముడు,
సుందరం


శ్రీకాకుళం,
1968 జనవరి 25

ఒరే సుందరం,

నీ వందనాలు అందాయి. అవసరం పడితే తప్ప అక్క గుర్తుకు రాదని తెలిసినా, నీ దస్తూరీ చూస్తే ముచ్చటేసి కోపం పోయింది. ఆ ముత్యాల్లాంటి అక్షరాల వల్లే నువ్వు మేస్టరువి అయ్యావు.

మందు బుడ్డి మన సంఘం పెద్దగారితో పంపిస్తున్నాను. పొద్దున్న రెండు చుక్కలు, సాయంత్రం రెండు చుక్కలు. నురగ వచ్చి ఆగాక పొడి గుడ్డతో తుడవాలి. అయితే ఒక్కమాట విను. నువ్వు పాత చెవికారు అన్నావు కాబట్టి ఇది పంపుతున్నాను. చెవికి కొత్తగా దెబ్బ తగిలిందంటే మటుకు ఇందులో ఒక్క చుక్క కూడా వెయ్యకు. నీళ్ళు గానీ నూనె గానీ ఏదీ పడకుండా పొడి దూది పెట్టి నా దగ్గరికి తీసుకురా.

నాకు అర్థం కానిది ఒకటుంది. చెవి కారే పిల్లాడికి తుపాకి ఎలా ఇచ్చావు? ఇచ్చే ముందు పిల్లలందరి చెవులూ నువ్వే టార్చి వేసి చూశానని జూలైలో రాశావు కదా. అప్పుడు కనిపించని పాత జబ్బు ఇప్పుడెక్కడి నుంచి ఊడిపడింది? నీ ఉత్తరం మరీ హుషారుగా ఉంది. చిన్నప్పుడు పలక పగలగొట్టి ఇంటికొచ్చిన రోజున కూడా నువ్వు ఇలాగే హుషారుగా ఉండేవాడివి.

మీ అక్క,
జ్ఞానసుందరి


నీలయ్యవలస,
1968 ఫిబ్రవరి 11, ఆదివారం

అక్కా,

నువ్వు పట్టేశావు. నీ ఉత్తరం వచ్చి రెండు వారాలైంది. జవాబు రాయడానికి నాలుగుసార్లు కూర్చుని నాలుగుసార్లూ కాగితం చింపేశాను. ఈరోజు ఆరాధనకి వెళ్ళకుండా, తలనొప్పి అని లీలారాణికి అబద్ధం చెప్పి, ఇది రాస్తున్నాను. గంగులుకి పాత జబ్బు లేదు. వాడికి ఏ జబ్బూ లేదు. ఆ జబ్బుని రాసింది నేను.

మొదటి నుంచీ చెబుతాను. క్రిందటి వేసవిలో నేను ఎన్.సి.సి. శిక్షణ ముగించి, ఖాకీ బట్టలతో నేరుగా నీ దగ్గరికే వచ్చాను. పన్నెండు పదమూడేళ్ళ పిల్లల చేత తుపాకి పేల్పించాలట, వాళ్ళ చెవుల సంగతేమిటి అని అడిగాను. నీకు నాన్న గుర్తొచ్చాడని నాకు తెలుసు. గరివిడి అవతల మాంగనీసు గనుల్లో పదిహేడేళ్ళు మందు పేల్చిన మనిషి. చివరికి చర్చిలో పాట పాడితే అందరికంటే ఒక చరణం వెనక ఉండేవాడు. జనం ‘సెవిటి ఆదాము’ అని నవ్వేవాళ్ళు. నువ్వు ఆయన పక్కన కూర్చుని అరచేతి మీద తాళం వేసేదానివి. నేను వేరే బెంచీ మీద కూర్చునేవాణ్ణి, ఆయన మా నాన్న కానట్టు. నాకప్పుడు గంగులంత వయసు.

నీ సలహా తీసుకున్నాక నేను ఒట్టి మాటగా వదిలెయ్యలేదు అక్కా. అన్నీ చేసి చూశాను. వేళ్ళు పెట్టుకోమందామంటే తుపాకి పట్టుకోవడానికి రెండు చేతులూ కావాలి. విశాఖపట్నంలో నేవీ వాళ్ళ దగ్గర రబ్బరు బిరడాలు ఉంటాయంటే ఒకాయన్ని బతిమాలి రెండు జతలు తెప్పించాను. అవి పెద్దవాళ్ళ చెవులకి చేసినవి. పిల్లల చెవుల్లో దూరవు, నొక్కితే ఏడుస్తారు. చివరికి నువ్వు చెప్పినట్టే కొవ్వొత్తులు కరిగించి, వాజిలైను కలిపి, అందులో దూది ముంచి ఉండలు చేశాను. ఏ పిల్లాడి చెవికి ఆ కొలత, ఊడదీయడానికి చిన్న తోక, పేరు రాసిన అగ్గిపెట్టెలో ఎవరి జత వాళ్ళకి. ఒక అలారం గడియారం పిల్లల వెనక పెట్టి, టిక్కుటిక్కు వినిపిస్తే చెయ్యెత్తమన్నాను. ఒట్టి దూది పెట్టినప్పుడు నలభై చేతులూ లేచాయి. మైనం దూది పెట్టినప్పుడు ఒక్క చెయ్యీ లేవలేదు. అంటే నాకు తెలుసు. తెలియక చేశాననే దారి కూడా నాకు లేదు.

మైనం దూదికి ఒక్కటే లోపం. ఎండలో పిల్లలు అరగంట బోర్లా పడుకుంటే ఒంటి వేడికి మెత్తబడి, పచ్చగా చెవుల్లోంచి మెడ మీదికి జారేది. దసరా సెలవుల తర్వాత బెటాలియను హవల్దారు ఒకడు చూడడానికి వచ్చాడు. వరసగా పడుకున్న పిల్లల్ని చూసి పొట్ట పట్టుకుని నవ్వాడు. “ఏటి మేస్టరూ, మీ పిల్లలందరికీ సెవులు కారతన్నాయేటి? ఈలకి తుపాకులెందుకు, బండి కట్టి ఆసుపత్రికి తోలీయండి” అన్నాడు. ఆ మాట స్టాఫ్ రూముకి నాకంటే ముందే చేరింది. మర్నాటి నుంచి నేను ‘సెవికారు మేస్టరు’ని. అటెండరు కూడా మొహం అటు తిప్పుకుని నవ్వాడు. నవ్వితే పోనీ అనుకోవాలి గదా. అనుకోలేకపోయాను. నాన్నని చూసి నవ్విన నవ్వు తిరిగి తిరిగి నా మీదికి వచ్చిందనిపించింది.

డిసెంబరు తొమ్మిదిన పెద్ద ఆఫీసరు వస్తాడనగా నరసింగరావుగారు నన్ను గదిలోకి పిలిచి, “ఆఫీసరు ముందు ఆ కారే చెవులు నాకొద్దండీ” అన్నారు. అంతే అన్నారు. మైనం తీసెయ్యమనలేదు. తీసేసింది నేను. ఏ దూది పెడితే తెల్లగా, అందంగా ఉంటుందా అని ఆలోచించి పొందూరు వెళ్ళింది కూడా నేనే. గంగులు తల్లి ఇంటికి వెళ్ళాను. ఆవిడ వాలుగ చేప దవడ ఎముకతో దూది దువ్వుతోంది. ఆ దూది ఎలా ఉంటుందో నీకు తెలుసు, ఊపిరి తగిలితే లేచిపోతుంది. నలభైమంది పిల్లల చెవులకి కావాలని అడిగితే, ఎంతో సంబరపడి అరటిపట్టలో చుట్టి ఇచ్చింది. ఇస్తూ అడిగింది. “మేస్టరుగారూ, ఇది గాలిలాగుంటాది. తుపాకి మోత ఆపుతాదా?”

“ఆపుతుందమ్మా” అన్నాను. మేస్టరు చెప్పాడు కాబట్టి ఆవిడ తల ఊపింది.

ఆ రోజు ఆఫీసరు ఆలస్యంగా వచ్చి తొందరలో ఉన్నాడు. విజయనగరం నుంచి కాలేజీ కుర్రాళ్ళు కూడా వచ్చారు. వాళ్ళవి పెద్ద తుపాకులు. మా పిల్లలవి చిన్నవి, పెద్ద మోత చెయ్యవు. రెండు జట్లూ విడివిడిగా పేల్చాలి. రెంటినీ ఒకేసారి చూపించెయ్యండి అన్నాడాయన. కాదనడం నా పని. నేను బూట్లు కలిపి చిత్తం అన్నాను. స్థలం ఇరుకు. మా వరసలో ఎడమ చివర గంగులు పడుకున్నాడు. వాడికి పక్కగా, కొంచెం వెనకగా ఒక కాలేజీ కుర్రాడు. ఆ కుర్రాడి తుపాకి మూతి గంగులు ఎడమ చెవికి రెండు మూరల దూరంలో ఉంది. నేను చూశాను. చూసి, ఇప్పుడు లేపి జరిపితే వరస చెడుతుంది అనుకున్నాను.

అయిదు గుళ్ళు పేలాయి. మొదటిదానికే వాడు తల నేలకి ఆనించేశాడు. పిల్లలు లేచాక వాడు లేవలేదు. దగ్గరికి వెళ్ళి చెవిలో దూది తీస్తే చివర చింతగింజంత నెత్తురు. ఆ తెల్లటి దూదిని నేను ఏం చేశానో తెలుసా అక్కా? ఎవరూ చూడకుండా నా చొక్కా జేబులో పెట్టుకున్నాను. ఆఫీసరు నాతో చెయ్యి కలిపినప్పుడు అది నా జేబులోనే ఉంది.

మర్నాడు వాడికి వినిపించడం లేదని తెలిసింది. చెవిలో కీచురాయి అరుస్తున్నాదండి అన్నాడు. రిపోర్టు పంపాలి. “చెవికారు ముందునుంచే ఉన్నట్టు రాస్తే అందరికీ మంచిది” అన్నారు హెడ్మాస్టరు. చెప్పింది ఆయనే అయినా, నువ్వు మెచ్చుకునే దస్తూరీతో రాసింది నేను. ఈ విద్యార్థికి చిన్నతనం నుంచి ఎడమ చెవి కారే వ్యాధి కలదు, తల్లిదండ్రులు దాచిపెట్టినారు అని ఇంగ్లీషులో రాసి సంతకం పెట్టాను. వాడి ఖాకీ బట్టలు వెనక్కి తీసుకున్నారు. లక్ష్మణమ్మ వచ్చి, “నా కొడుక్కి రోగమా? నాకు తెలకుండానా?” అని అడిగితే, ఉందమ్మా, కొన్ని జబ్బులు కనిపించవు అన్నాను. ఆవిడ నమ్మింది. ఆ రోజు నుంచి వెల్లుల్లి వేసి కాచిన నూనె రోజూ పొద్దున్నే వాడి చెవిలో పోస్తోంది. క్లాసులో పిల్లలు వాడి పక్కన కూర్చోవడం మానేశారు. వాడు కూడా వెనక బెంచీలో ఒక్కడే కూర్చుంటున్నాడు.

నీ మందు వచ్చిన రోజున నీ హెచ్చరిక చదివాను. చదివి కూడా వేశాను. మందు వచ్చిందని తెలిసి తల్లి వాణ్ణి ముందే పంపించేసింది, వాడు తల వాల్చుకుని నా ముందు నిలబడ్డాడు. వెయ్యనంటే ఎందుకో చెప్పాలి కదా. రెండు చుక్కలు వేశాను. వాడు గోడ పట్టుకుని తూలిపోయి వాంతి చేసుకున్నాడు. తర్వాత మూతి తుడుచుకుని, “గొంతులోకి దిగిందండి, సేదుగా ఉన్నాది” అన్నాడు. చెవిలో వేసింది గొంతులోకి దిగిందంటే లోపల చిల్లు ఉన్నట్టే గదా? బుడ్డి విసిరేశాను. కానీ నూనె ఆపమని చెప్పలేదు.

మొన్న బుధవారం వాడి మెడ మీద చీము చూశాను. వాడి చెవి ఇప్పుడు నిజంగానే కారుతోంది అక్కా. నేను రాసిన అబద్ధం వాడి చెవిలో నిజమై కూర్చుంది. ఆ తల్లి ముందుకి వెళ్ళలేకపోతున్నాను. స్కూల్లో వాడి వైపు చూడకుండా పాఠం చెబుతున్నాను. నేనేం చెయ్యాలో నువ్వు చెప్పు.

సుందరరావు


శ్రీకాకుళం,
1968 ఫిబ్రవరి 13

సుందరరావూ,

నువ్వు ఆదివారం రాసిన ఉత్తరం మంగళవారం అందింది. తొమ్మిది పేజీలు ఉంది. అది రాసే సేపట్లో పొందూరు వెళ్ళి రెండుసార్లు తిరిగి రావచ్చు. నీ మీద నీకు ఎంత అసహ్యం వేస్తోందో నాకు వివరంగా రాశావు. ఆ రెండు రోజులూ ఆ తల్లి నూనె పోస్తూనే ఉంది.

ఇది చదవడం అవ్వగానే చెప్పులు తొడుక్కో. నూనె ఆపించు. చెవిలో నీటిచుక్క పడకూడదు, తలంటి వద్దు, చెరువులో దిగవద్దు. గురువారం పొద్దున్న మా ఆసుపత్రికి చెవి డాక్టరు వస్తాడు, పిల్లాణ్ణి తల్లిదండ్రులతో సహా మొదటి బస్సుకి తీసుకురా. ఎందుకు తీసుకొస్తున్నావో వాళ్ళకి దారిలో కాదు, ఇంటిదగ్గరే చెప్పు. పూర్తిగా చెప్పు. హెడ్మాస్టరు అన్నాడు, ఆఫీసరు అన్నాడు అని నాకు రాసినట్టు వాళ్ళ దగ్గర చెప్పకు.

సిగ్గుపడితే పడు. పడుతూనే నడువు.

జ్ఞానసుందరి


నీలయ్యవలస,
1968 ఫిబ్రవరి 25

అక్కా, వందనాలు. ఈ మాట రాసే అర్హత ఉందో లేదో గానీ అలవాటు పోలేదు.

ఆసుపత్రిలో నువ్వు వాళ్ళతో మాట్లాడినంత మెత్తగా నాతో మాట్లాడలేదు. అది న్యాయమే. కానీ ఆ రోజు నీకు చెప్పకుండా మిగిలిపోయిన సంగతులు ఉన్నాయి. నీకు తెలియాలి.

నీ ఉత్తరం బుధవారం మధ్యాహ్నం అందింది. మిగతా పీరియడ్లు వదిలేసి అప్పుడే బయలుదేరాను. లక్ష్మణమ్మ వాకిట్లో ఏకులు చేస్తోంది, సూరయ్య లోపల మగ్గం గుంటలో ఉన్నాడు. మేస్టరు వచ్చాడని చాప వేశారు. కూర్చోలేదు. నిలబడి చెప్పేశాను. మైనం దూది ఎందుకు తీశానో, గడియారం పెట్టి ముందే ఎలా తెలుసుకున్నానో, జేబులో ఏం దాచానో, కాగితం మీద ఏం రాశానో అన్నీ. మగ్గం చప్పుడు మధ్యలో ఎప్పుడు ఆగిందో నాకు తెలియదు. ఆవిడ తిడుతుందనుకున్నాను, దానికి సిద్ధపడే వెళ్ళాను. ఆవిడ తిట్టలేదు. లోపలికి వెళ్ళి నూనె గిన్నె తెచ్చి నా కాళ్ళ దగ్గర పెట్టింది.

“రోజూ పొద్దున్నే పోసినాను మేస్టరూ. సెవి మండిపోతన్నాదమ్మా, వొద్దమ్మా అని ఆడు ఏడిసీవోడు. రోగం ఉన్నాదని మేస్టరుగారు సెప్పినారు, ఓర్సుకోరా అనీసి సెంప మీద కొట్టీసి మరీ పోసినాను. ఒక్కనాడు కాదు. అది నా సేత సేయించినారు మీరు. తుపాకి సంగతి నేను మర్సిపోతాను. ఇది మర్సిపోను.”

సూరయ్య గుంటలోంచి పైకి వచ్చి భుజం మీద తువ్వాలు వేసుకున్నాడు. “రేపు మొదటి బస్సు ఎన్ని గంటలకండి?” అని మాత్రం అడిగాడు. అంత మర్యాదగా అడిగేసరికి నేలలోకి కుంగిపోయాను.

డాక్టరు చెప్పింది నీకు తెలుసు. నూనె ఆగితే చీము ఆగుతుంది, చిల్లు పూడితే పూడవచ్చు, పోయిన వినికిడి మాత్రం అంతా తిరిగి రాదు అన్నాడు. చీము ఇప్పటికి తగ్గింది. నిన్న పొందూరు వెళ్ళి టార్చి వేసి చూసి వచ్చాను. వాడు గుమ్మంలోనే చూపించాడు. లక్ష్మణమ్మ నాతో మాట్లాడడం లేదు.

స్కూలు సంగతి. కొత్త రిపోర్టు రాసి హెడ్మాస్టరు ముందు పెట్టాను. చదివి, “మీకు ఉద్యోగం బరువైందా?” అన్నారు. పంపనన్నారు. నేనే రిజిస్టరు చేసి బెటాలియను ఆఫీసుకి పంపించాను. జవాబు రాలేదు. తుపాకి పని నుంచి నన్ను తీసెయ్యవచ్చు, ఉద్యోగం నుంచే తీసెయ్యవచ్చు. లీలారాణికి అంతా చెప్పాను. ఆమె రెండు రోజులు వండిపెట్టింది గానీ పలకరించలేదు. మూడో రోజున, “పిల్లాడికి పాలు ఏమైనా పంపమంటారా?” అని అడిగింది. సోమవారం ప్రార్థన దగ్గర పిల్లలందరి ముందూ నిలబడి, గంగులుకి అంటుకునే జబ్బు ఏదీ లేదు, తప్పు నాది అని చెప్పాను. పెద్ద క్లాసు వాళ్ళు ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. నవ్వారో లేదో నేను చూడలేదు. ఆ మధ్యాహ్నం వాడి బెంచీలో ఇద్దరు కూర్చున్నారు. ఇంక మైనం దూది లేకుండా, చిన్నవాళ్ళకీ పెద్దవాళ్ళకీ వేరు వేరు రోజులు పెట్టకుండా, మా స్కూల్లో ఏ పిల్లాడూ తుపాకి ముందు పడుకోకూడదని కూడా ఆ రిపోర్టులోనే రాశాను. మెడ మీద మైనం కారితే కారుతుంది.

ఇదంతా రాసి ఇక్కడితో ముగించేద్దామనిపించింది. అప్పుడు మళ్ళీ మొదటి ఉత్తరంలాగే అవుతుంది. ఒకటి దాచాను, అదీ రాస్తాను.

ఆ గురువారం నువ్వు సూరయ్యనీ లక్ష్మణమ్మనీ డాక్టరు గదిలోకి తీసుకెళ్ళాక, నేనూ గంగులూ బయట వరండాలో బల్ల మీద మిగిలాం. నువ్వు కొనిచ్చిన బన్ను వాడు కొంచెం కొంచెం తుంచుకుని తింటున్నాడు. తల్లికీ తండ్రికీ చెప్పాను గానీ వాడికి నేరుగా చెప్పలేదు. పెద్దవాళ్ళకి చెప్పడమే కష్టం అనుకున్నాను. వాడి కుడివైపుకి జరిగి, ఒరే గంగులూ, నీకు చెవికారు జబ్బు లేదురా, ఎప్పుడూ లేదు, నేను అబద్ధం రాశాను అన్నాను.

వాడు తినడం ఆపాడు. “నాకు నేదాండి?”

“లేదురా.”

“ముందల నేదనే అనుకున్నానండి. మా అమ్మతోటి కూడా నేదనే సెప్పినాను. తర్వాత మీరు కాయితమ్మీద రాసీసినారని అన్నారు. మేస్టరుగారు రాసినారంటే ఉంటాది, నాకే తెలనేదు అనుకున్నాను.”

అది ఎంత మామూలుగా చెప్పాడో నీకు ఎలా రాయను? నామీద కోపం లేదు వాడికి. తన ఒంటి సంగతి తనకంటే నాకు బాగా తెలుసుననుకున్నాడు. తల్లి కొడితే పడ్డాడు, నూనె పోస్తే పోయించుకున్నాడు, వెనక బెంచీలోకి తనే లేచి వెళ్ళాడు. తన చెవిని కాదని నా అక్షరాలని నమ్మాడు. ఏడేళ్ళుగా పాఠాలు చెబుతున్నాను, నా మాటని ఇంతగా నమ్మిన పిల్లాడు ఇంకొకడు లేడు. వాడికే నేను ఇది చేశాను. బల్ల మీద కూర్చుని వాడి ముందే ఏడ్చాను. వాడు కంగారుపడి మిగిలిన బన్ను ముక్క నా వైపు జరిపాడు.

కాసేపటికి, “ఆ కాయితం మారిసీసినారాండి?” అని అడిగాడు.

అప్పటికింకా మార్చలేదు. మార్చేశానని నోటిదాకా వచ్చింది అక్కా, అంత ఏడ్చాక కూడా. ఆపుకుని, రేపు మారుస్తానురా అన్నాను.

వాడు తల అడ్డంగా ఊపాడు.

“మార్సినాక నాకు సూపించండి. నేను సదూకుంటాను.”

నువ్వు సరిగ్గా అప్పుడే గదిలోంచి బయటికి వచ్చి, ఏమైందిరా అని అడిగావు. ఏమీ లేదన్నాను. ఏమైందంటే ఇదీ.

బెటాలియనుకి పంపిన రిపోర్టు ఇంగ్లీషులో ఉంది. ఏడో తరగతి పిల్లాడికి అది అర్థం కాదు. నిన్న టార్చి పట్టుకుని వెళ్ళినప్పుడు నకలు తీసుకెళ్ళాను గానీ, అది చూపించి ఇదేరా అని నేను నోటితో చెబితే మళ్ళీ నా మాట నమ్మమన్నట్టే గదా అని జేబులోంచి తియ్యలేదు. ఈరోజు కూర్చుని మొత్తం తెలుగులో రాశాను. వాడికి కష్టమైన మాటలన్నీ తీసేశాను. తీసేస్తుంటే నా తప్పుని చుట్టిపెట్టిన మాటలు కూడా ఊడిపోయాయి. చివరికి ఒక పేజీయే మిగిలింది. రేపు బడి వదిలాక పట్టుకెళ్తాను. వాడు చదువుతుండగా పక్కన నిలబడతాను. అడిగిన ప్రతిదానికీ జవాబు చెప్పి వస్తాను.

నీ తమ్ముడు,
సుందరరావు